ఇద్దరికి చెల్లే కార్డు

శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులు కాసేపు కూర్చుని ఎంగిలిపడే లాంజి ఒకటుంది. ఒక సాయంత్రం ఆ లాంజిలో గుడివాడ కాంతారావు గారు టై కట్టుకున్న ఒక పెద్దమనిషికి రెండోసారి సాంబారు పోశారు. ఆ పెద్దమనిషి ఎవరో ఈయనకి తెలీదు. ఆయన అడగనూ లేదు. ప్లేటులో ఇడ్లీ పొడిగా కనిపించింది, బల్ల మీద గరిటె కనిపించింది, రెంటికీ మధ్య కాంతారావు గారు నిలబడి ఉన్నారు.

పెద్దమనిషి హిందీలో ఏదో అన్నాడు. కాంతారావు గారికి హిందీ రాదు కాబట్టి మొహమాటపడుతున్నాడనుకుని ఇంకో ఇడ్లీ వేశారు. ఆ తర్వాత కిటికీ పక్కన ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని ఉత్త కాఫీ తాగుతున్న అమ్మాయికి పులిహోర పెట్టారు. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకాయన గోరువెచ్చటి నీళ్లు కావాలని ఈయన్నే అడిగాడు, తెచ్చిచ్చారు. ఇంకెవరో చెంచా అడిగితే అదీ తెచ్చారు. చివరికి నల్లకోటు వేసుకున్న సూపర్వైజరు దగ్గరికొచ్చి, మీరు ఏ ఏజెన్సీ తాలూకని అడిగాడు. గుడివాడ అన్నారు. యూనిఫాం ఏదంటే, మా వైపు తెల్లపంచేనండీ, ఇవాళ ఆస్పత్రి పని మీద వచ్చాం కాబట్టి ప్యాంటు వేశానన్నారు. బోర్డింగ్ పాసు చూస్తే గానీ సూపర్వైజరుకి సంగతి అర్థం కాలేదు. మర్యాదగానే గరిటె వెనక్కి తీసుకున్నాడు. ఇచ్చేటప్పుడు కాంతారావు గారు, సాంబారు అడుగంటుతోంది, కింద వేడి తగ్గించుకోమని చెప్పి వచ్చారు.

ఇంత భాగోతం జరుగుతున్నంతసేపూ ఆయన భార్య ఇందిర మూల సోఫాలో కూర్చునుంది. తిరిగొచ్చి చూస్తే ఆవిడ ముందు బల్ల మీద చిన్న గిన్నె ఖాళీగా ఉంది. పెరుగన్నం తిన్న గిన్నె. పక్కన ప్లేటులో రొట్టెముక్క అంచులు మాత్రం మిగిలాయి. ఆ నెలలో ఆవిడ ఒక్క పూటలో అంత తినటం అదే మొదటిసారి.

కాంతారావు గారు మా పక్కింటాయన. వీధి వరసకి నాకు బావగారు, ఇందిర అక్కయ్య. వాళ్లకి పిల్లల్లేరు. ఆయన పని వడ్డన. వంట కాదు. వంటవాళ్లు వేరే ఉంటారు, వాళ్ల పేరు వేరే మోగుతుంది. పెళ్లిలో బంతి మీద జనం కూర్చున్నాక ఎవరి ఆకులో ఏది అయిపోయింది, ఎవరు నెయ్యి కోసం చూస్తున్నారు, ఎవరు వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టినా నిజానికి కావాలనే పెట్టారు, ఇవన్నీ చూసుకునే మనిషి ఒకడు కావాలి. గుడివాడ నుంచి ఇటు నందివాడ దాకా, అటు బందరు దాటి దివిసీమ దాకా పెద్ద ఫంక్షన్ అంటే ఆయన మనుషులే బకెట్లు పట్టుకునేవాళ్లు. ఆయన బంతి వెంట నడుస్తుంటే తిన్నవాడు ఇంకాస్త తిని లేచేవాడు. "బాబుగారూ, ఈ ఒక్క బూరె నా పేరు చెప్పుకుని తినండి," అనేవారు. ఆయన పేరేంటో కూడా తెలీని బాబుగారు తినేసేవాడు.

అక్కయ్యది నాగాయలంక. ఆవిడ్ని మొదట చూసిందీ బంతి మీదే. చుట్టాల పెళ్లిలో ఆవిడ విస్తరి ముందు కూర్చుంటే ఈయన దప్పళం పోస్తూ పోస్తూ పక్కనున్న ఆవిడకి పొయ్యటం మర్చిపోయారట. ఆ పక్కనున్నావిడ అక్కయ్య పిన్ని సత్యవతమ్మ గారు. తనకి దప్పళం రాలేదన్న సంగతి ఆవిడ పెళ్లిచూపుల్లోనూ ఎత్తింది, పెళ్లిలోనూ ఎత్తింది. ఇప్పటికీ ఎత్తుతుంది.

పెళ్లయ్యాక ఇంట్లో ముందు అక్కయ్య తినాలి, తర్వాతే ఈయన. మా వీధిలో ఆడవాళ్లంతా ఈ సంగతి తమ మొగుళ్లకి రోజూ చెప్పేవాళ్లు. మా ఇంట్లోనూ చెప్పారు. ఆయన పీట వేసి, పక్కన కూర్చుని, కలిపి, నెయ్యి వేసి, ఇంకొక్క ముద్ద అంటూ పెట్టేవారు. అక్కయ్య నవ్వుతూ తినేది. ఒకసారి మా ఆవిడతో, ఆయన ఊళ్లో బంతి లేచాక ఇంటికొచ్చి నన్ను కూర్చోబెడతాడమ్మా, ఇంటి దగ్గర బంతికి నేనొక్కదాన్నే అని చెప్పుకుందట.

ఆ అక్కయ్యకి కడుపులో గడ్డ అని తేలింది. హైదరాబాద్ ఆస్పత్రిలో మూడు వారాలకోసారి మందు ఎక్కించాలన్నారు. ఆ మందుతో ఆకలి చచ్చిపోయింది. అన్నం వాసన వస్తే మొహం పక్కకి తిప్పుకునేది. డాక్టరు ఒకటే చెప్పాడు. ఈ మందు తట్టుకోవాలంటే ఒంట్లో బలం ఉండాలి, బరువు ఇంకా తగ్గితే మేము ఆపెయ్యాల్సి వస్తుంది, ఎలాగైనా తినిపించండి. ఈ మాట ఆ డాక్టరు ఎవరితో అంటున్నాడో ఆయనకి తెలీదు పాపం.

కాంతారావు గారు ఫంక్షన్లు తగ్గించుకుని ఆ పని మీదే కూర్చున్నారు. అప్పటికి అక్కయ్య ఒంట్లో శక్తి తగ్గి, మందెక్కాక రైల్లో రాత్రంతా పడుకుని రాలేకపోతోంది. వెళ్లేటప్పుడు బందరు రైలు, వచ్చేటప్పుడు శంషాబాద్ నుంచి గన్నవరం దాకా విమానం అనుకున్నారు. మొదటిసారి అక్కయ్యకి కళ్లు తిరిగితే ఎక్కడైనా ఒరగటానికి చోటు కావాలని లాంజి తలుపు దగ్గర డబ్బు కట్టి లోపలికి తీసుకెళ్లారు. ఎంత కట్టారో ఇప్పటికీ చెప్పరు. సాంబారు సంగతి జరిగింది ఆ రోజే. బయటికొచ్చేటప్పుడు తలుపు దగ్గర అమ్మాయి, అంకుల్, ట్రావెల్ క్రెడిట్ కార్డు తీసుకోండి, ఊరికే రావచ్చని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో ఉన్నారు. నాకు ఒక క్రెడిట్ కార్డు ఉంది కాబట్టి నేను నిపుణుణ్ణని ఆయన నమ్మకం. పెట్రోలు బంకులో దానితో ఏదో లాభం ఉందని బ్యాంకు వాళ్లు చెప్పారు, నేను నడిచి తిరిగే మనిషిని. అయినా కాదనలేక ఇద్దరం బస్సెక్కి బందరు వెళ్లాం. అక్కడ భానుప్రకాష్ అని, బ్యాంకు కార్డులు ఇప్పించే అబ్బాయి ఉన్నాడు. ఫ్యాను కింద మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. బావగారు ఆ అబ్బాయి చేత ముందు తాగించి తర్వాత తాగారు.

భానుప్రకాష్ బల్ల మీద కాగితాలు పరిచాడు. మొదటి కార్డుకి పాయింట్లు బాగా వస్తాయి, వాటిని విమానం టిక్కెట్లుగా మార్చుకోవచ్చు, ఏడాది తిరిగేసరికి బ్యాంకాక్ వెళ్లిరావచ్చు అని చెప్పాడు.

"ఆవిడ్ని కూడా రానిస్తారా?" అన్నారు బావగారు.

"ఇద్దరికీ టిక్కెట్లు తీసుకోవచ్చంకుల్. పాయింట్లు అన్ని వస్తాయి."

"బ్యాంకాక్ కాదు బాబూ. లాంజిలోకి."

ఆ అబ్బాయి కాగితం చూసి, లాంజిలోకి కార్డు ఉన్నవాళ్లకే దారి అన్నాడు. బావగారు ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశారు. రెండో కార్డుకి హోటళ్లలో గది తేలిగ్గా దొరుకుతుంది, సామాను పోతే ఇన్సూరెన్సు ఉంది, లాంజిలోకి అతిథినీ రానిస్తారు. బావగారి మొహం వెలిగింది. కానీ ఆ అతిథి మర్యాద విదేశాల్లో విమానాశ్రయాలకేనట. అదీ మడిచారు. మూడో కార్డు ఉంది గానీ అది మీకొద్దు అంకుల్ అన్నాడు భానుప్రకాష్. ఏడాదికి కట్టే రుసుం ఎక్కువ, పాయింట్లు తక్కువ. ఇంట్లో వాళ్ల పేరు మీద ఇంకో కార్డు ఇస్తారు, మూడు నెలలకి ఇన్నిసార్లని ఇద్దరికీ కలిపి లాంజి ఉంటుంది. అదీ ముందు మూడు నెలల్లో కార్డు మీద గట్టిగా ఖర్చుపెడితేనే.

"అంటే ఆవిడకి తన పేరు మీదే కార్డు ఉంటుందా?"

"ఉంటుంది. కానీ అంకుల్, మీరు పెద్దవాళ్లు కాబట్టి నిజం చెప్తున్నా. ఇది మీకు దండగ. లాంజిలో తిండి కోసం ఇంత రుసుం ఎవరూ కట్టరు."

"తినేది నేను కాదు బాబూ," అన్నారు బావగారు.

భానుప్రకాష్ నా వైపు చూశాడు. నేను టీ గ్లాసు వైపు చూశాను. ఆ అబ్బాయి ఇంక బ్యాంకాక్ మాట ఎత్తలేదు. మూడో కార్డు కాగితం ముందుకి జరిపి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాడు.

కార్డులు రెండూ పోస్టులో వచ్చాయి. ఆవిడ కార్డు మీద ఆవిడ పేరు ఇంగ్లీషులో ఎత్తుగా అచ్చు గుద్ది ఉంది. అక్కయ్య దాని మీద వేలు పెట్టి తడుముకుంటూ, ఇంతకాలానికి నా పేరు మీద ఒక అప్పు పుట్టించారు అని నవ్వింది. ఆవిడ నవ్వి అప్పటికి చాలా రోజులైంది. బావగారు ఆ నవ్వునీ కార్డు ఖాతాలోనే వేసుకున్నారు.

ఇక ఖర్చుపెట్టాలి. వాళ్లది పప్పూ కూరగాయల సంసారం, కార్డు మీద ఏం ఖర్చుంటుంది? అప్పుడు పెడన నుంచి వంటమేస్త్రీ నాంచారయ్య కలగజేసుకున్నాడు. ఈయన, నాంచారయ్య పాతికేళ్లుగా ఒకే పందిట్లో ఎదురెదురుగా తిట్టుకుంటూ పనిచేసినవాళ్లు. ఫంక్షన్లకి సరుకులు కొనేది నాంచారయ్య. కొట్టు దగ్గర బిల్లుకి బావగారు కార్డు గీకటం, ఆ డబ్బు నాంచారయ్య అక్కడికక్కడే ఆయన చేతిలో పెట్టటం. ఆ ఎండాకాలం పెళ్లిళ్లన్నీ అలా నడిచాయి. నందివాడలో పెళ్లి కందిపప్పు, పామర్రులో గృహప్రవేశం నెయ్యి, అవనిగడ్డలో ఓణీల ఫంక్షన్ జీడిపప్పు, అన్నీ కలిసి అక్కయ్యని లాంజి సోఫాలో కూర్చోబెట్టాయి. తిన్నవాళ్లెవరికీ ఆ సంగతి తెలీదు.

"అన్నయ్యా, మేము కొనేది శనగపప్పు. దానికి రెక్కలు కట్టి మా వదిన్ని ఎక్కిస్తున్నావు," అనేవాడు నాంచారయ్య.

"నువ్వు ఉప్పు తగ్గించి వండటం నేర్చుకో. ఎక్కించటం నేను చూసుకుంటాను," అనేవారు ఈయన.

అయితే లాంజి మళ్లీ మొదటి రోజులా పనిచెయ్యలేదు. రెండోసారి వెళ్లినప్పుడు బావగారు తలుపు దగ్గరే ఒట్టు పెట్టుకున్నారట, గరిటె ముట్టనని. ముట్టలేదు. అక్కయ్య పక్కన కూర్చుని, గిన్నె ఆవిడ చేతికిచ్చి, చూస్తూ ఉన్నారు. ఆవిడ రెండు చెంచాలు తిని పక్కన పెట్టింది. ఇవాళ పెరుగు పులిసింది అన్నారు ఈయన. ఆ తర్వాతసారి మెత్తటి కేకు తెచ్చిపెట్టి, ఇంకొక్క ముక్క, నా కోసం అన్నారు. ఆవిడ నోట్లో పెట్టుకుని, కాసేపటికి చేతిరుమాల్లోకి తీసేసింది. కేకులో ఏదో వాసన అన్నారు ఈయన.

తిండిలో లోపం లేదని ఆయనకి తట్టలేదు. మా ఎవరికీ తట్టలేదు. ఇంట్లో కూడా లాంజిలాగే పెడితే తింటుందేమోనని బందరు వెళ్లి తెల్లటి పింగాణి ప్లేట్లు, బుల్లి గిన్నెలు తెచ్చారు. రొట్టె నాలుగు పలకలుగా కోసి కాల్చారు. మధ్య గదిలో సోఫాని కిటికీ వైపు తిప్పారు. అంతా అయ్యాక వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని, ఇంకొక్క ముద్ద అన్నారు.

పైగా వచ్చేపోయే జనం. మన వైపు జబ్బు మనిషిని పలకరించటమంటే ఏం తిన్నావని అడగటమే కదా. నాగాయలంక నుంచి సత్యవతమ్మ గారు పీతల ఇగురు తెచ్చింది. ఇంకొకరు జున్ను తెచ్చారు. మా ఆవిడ రోజూ ఏదో ఒకటి గిన్నెలో పోసుకుని వెళ్లేది. తెచ్చినవాళ్లు ఊరికే పోరు. మంచం పక్కన కుర్చీ లాక్కుని, తిని చూడు, కొంచెం, పోనీ నాలిక మీద పెట్టుకో అంటారు. అక్కయ్య గోడ వైపు తిరిగి పడుకునేది. పాపం నోరు సహించట్లేదని మేమంతా గొంతు తగ్గించి చెప్పుకుంటూ బయటికొచ్చేవాళ్లం.

ఆఖరిసారి వెళ్లినప్పుడు డాక్టరు అక్కయ్యని తూకం వేయించి, ఇవాళ మందు ఎక్కించటం లేదన్నాడు. ఇంటికెళ్లి తిని, కాస్త కోలుకున్నాక రమ్మన్నాడు. ఎప్పుడు రావాలో చెప్పలేదు. ఎప్పుడో చెప్పకుండా రమ్మంటే దానికి అర్థం ఏంటో ఇద్దరికీ తెలుసు. తర్వాత జరిగింది నాకు బావగారే చెప్పారు. అరుగు మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పారు.

లాంజి తలుపు దగ్గర అమ్మాయి కార్డు గీకి చూసి, ఈ మూడు నెలలకి మీకు మిగిలింది ఒక్కసారేనండీ, ఒక్కరే వెళ్లగలరు అంది. ఇంకొకరికి కట్టేస్తానని ఈయన జేబులో చెయ్యి పెట్టారు. అక్కయ్య ఆ చెయ్యి పట్టుకుంది.

"మీరు ఇక్కడే కూర్చోండి. నేనొక్కదాన్నే వెళ్లొస్తా."

"డబ్బు గురించి నువ్వు..."

"డబ్బు కాదండీ. ఆ మొదటిసారి మీరు నన్ను చూళ్లేదు. అందుకే తిన్నాను."

ఈయనకి అర్థం కాలేదు. ఆవిడ తలుపు దగ్గర కుర్చీలో కాసేపు కూర్చుని, ఊపిరి తీసుకుని, మెల్లిగా చెప్పింది.

"మీరు చూస్తుంటే భయమేస్తోంది. ముద్ద దిగకపోతే మీ మొహం ఎలా మాడిపోతుందో అని. ముద్ద కంటే ముందు మీ మొహం గుర్తొస్తోంది."

ఆ తర్వాత లేచి, తన పేరున్న కార్డు ఆ అమ్మాయికి ఇచ్చి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

లాంజికి అద్దాల గోడ ఉంది. ఇటు నుంచి చూస్తే మూల సోఫా కనిపిస్తుంది. బావగారు ఆ గోడకి వీపు పెట్టి కూర్చున్నారట. ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమంది ఆకులు ఎన్నేళ్లు చూసిన మనిషి! ఎదురుగా బోర్డు మీద విమానాల వేళలు మారుతుంటే అవే చదువుతూ కూర్చున్నారు. ఎవరో వచ్చి, ఢిల్లీ విమానం ఏ గేటండీ అని అడిగితే చెప్పగలిగారట, అన్నిసార్లు చదివారు మరి. వెనక ఏం జరుగుతోందో తిరిగి చూడకుండా ఉండటానికి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చిందట.

అక్కయ్య బయటికొచ్చింది. ఏం తిన్నావని ఈయన అడగలేదు. విమానం లేచి, కింద దీపాలు చిన్నవైపోయాక ఆవిడే చెప్పింది. సేమ్యా పాయసం పెట్టారండీ, పంచదార ఎక్కువైంది అని. తిన్నానని చెప్పలేదు. పంచదార ఎక్కువైందని ఎలా తెలుస్తుంది మరి, తినకపోతే, అన్నారు బావగారు నాతో.

ఇంటికొచ్చాక ఆయన పద్ధతి మార్చేశారు. చిన్న గిన్నెల్లో కొంచెం కొంచెం పెట్టి, ఆవిడకి అందేలా బల్ల మీద ఉంచి, బయట అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చునేవారు. ఎవరైనా వస్తే అక్కడే ఆపి, లోపలికెళ్లండి గానీ తిండి మాటెత్తకండి, వానల గురించి మాట్లాడండి అనేవారు. మా ఆవిడ లోపలికెళ్లి వానల గురించి ఏం మాట్లాడాలో తెలీక, కాలవలు ఎప్పుడొదుల్తారో అని మాత్రం రోజూ అంటూ వచ్చేది. అక్కయ్య మా ఆవిడతో చాలా కబుర్లు చెప్పింది ఆ రోజుల్లో. చిన్నప్పుడు పాలకాయతిప్ప వెళ్లి సముద్రంలో చెప్పు పోగొట్టుకుంటే సత్యవతమ్మ గారు రెండో చెప్పు కూడా విసిరెయ్యమని తిట్టిన సంగతి చెప్పి, ఇద్దరూ నవ్వుకున్నారట.

గిన్నెలు కొన్ని ఖాళీగా వచ్చేవి. కొన్ని అలాగే వచ్చేవి. అలాగే వచ్చినవాటిని బావగారు ఎవరికీ కనపడకుండా పెరట్లోకి తీసుకెళ్లేవారు. ఖాళీగా వచ్చినవాటిని అరుగు మీదే కాసేపు ఉంచుకునేవారు.

ఆ తిండితో అక్కయ్య నిలబడుతుందని మేమెవరమూ అనుకోలేదు. ఆయన అనుకున్నారో లేదో నేను అడగలేదు. కాలవలకి నీళ్లు వదిలారు. చేలల్లో నారుమళ్లకి దుక్కులు మొదలయ్యాయి. అక్కయ్య పోయింది. పొద్దున్న పెట్టిన గిన్నెలో పాలూ అటుకులూ సగం తినే పోయింది.

మూడో రోజునో నాలుగో రోజునో భానుప్రకాష్ ఫోన్ చేశాడు. ఆ అబ్బాయికి సంగతి తెలీదు. అంకుల్, తక్కువనుకున్నాం గానీ మీ పాయింట్లు బాగానే పోగయ్యాయి, ఇద్దరూ గోవా వెళ్లి రావచ్చు, వచ్చే నెలాఖరు లోపల వాడుకోకపోతే పోతాయని ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ఫోన్ నా చేతిలో ఉంటే నేను మధ్యలో ఆపేసేవాణ్ణి. బావగారు చివరిదాకా విన్నారు. మంచిది బాబూ, గుర్తుపెట్టుకుని చేశావు అన్నారు. ఆ తర్వాత సంగతి చెప్పారు. ఆ సాయంత్రమే ఆ అబ్బాయి బందరు నుంచి బస్సెక్కి వచ్చి, అరుగు మీద మా పక్కన కూర్చున్నాడు. పాయింట్ల మాట మళ్లీ ఎవరూ అనలేదు. అవి పోయే ఉంటాయి.

పెద్దకర్మ రోజు నాంచారయ్య చెప్పకుండానే వచ్చి పొయ్యిలు వెలిగించాడు. ఒక్కరూపాయి ముట్టలేదు. అక్కయ్యకి ఇష్టమైనవన్నీ వండాడు, జీవితంలో మొదటిసారి ఉప్పు సరిగ్గా వేశాడు. బావగారి వడ్డన మనుషులంతా ఉతికిన పంచెలు కట్టుకుని, బకెట్లు కడుక్కుని వరసగా నిలబడ్డారు. చుట్టాలు దివిసీమ నుంచి వ్యానుల్లో దిగారు.

అప్పుడు బావగారు తన మనుషులతో బకెట్లు పక్కన పెట్టి, మీరూ ప్లేట్లు తీసుకోండని చెప్పారు. షామియానా కింద బల్లలు వేయించి, గిన్నెలన్నీ వాటి మీద వరసగా పెట్టించారు. ప్లేట్లు ఒక చివర. ఏ గిన్నె దగ్గరా మనిషి లేడు. కుర్చీలు దూరం దూరంగా, ఒకరికొకరు ఎదురు పడకుండా వేయించారు. ఆయన పోయి గేటు దగ్గర వీధి వైపు తిరిగి కూర్చున్నారు.

జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. కాంతారావు గారి ఇంట్లో ఎవరికి వాళ్లే పెట్టుకోవటం ఏంటి? ఎవరైనా పిలుస్తారేమోనని కొందరు చెప్పుల దగ్గరే ఆగారు. అక్కయ్య మేనమామ ఒకాయన ఖాళీ ప్లేటు పట్టుకుని, ఇద్దరు వడ్డన మనుషుల మధ్య నిలబడి, వాళ్ల వైపు చూశాడు. వాళ్లు చేతులు కట్టుకుని తమ ఖాళీ ప్లేట్ల వైపు చూసుకున్నారు. కాసేపటికి ఎవరో మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ తమకి కావలసింది పెట్టుకుని, తలో కుర్చీలో కూర్చుని, మాట్లాడకుండా తిన్నారు. మా ఆవిడ తింటూ ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు, ఇంకాస్త పెట్టుకోమని ఎవరూ అనలేదు.

సత్యవతమ్మ గారు మాత్రం ఊరుకోలేదు. చేతిలో ప్లేటుతో గేటు దాకా నడిచి, ఆయన ఎదురుగా నిలబడి కడిగేసింది.

"ఏం అల్లుడూ, ఊరందరికీ కొసరి కొసరి పెట్టినవాడివి. దాని పేరున పెట్టే అన్నం దగ్గర, ఇంకాస్త తినమని ఒక్క మనిషి అడిగిన పాపాన పోలేదేంటయ్యా?"

"అడక్కుండా ఉంటేనే తినేది అత్తయ్యా, మీ ఇందిర."